ఇండియా నుంచి వెళ్ళిన కార్డు

ఎంత చెడ్డ చేతిరాత అయినా నేను చదవగలను. గొప్పకు చెప్పడం లేదు, అది నా ఉద్యోగం. డాక్టర్ల చీటీలు, పాత దస్తావేజుల్లో గొలుసుకట్టు రాత, వణికే చేతులతో ముసలివాళ్ళు రాసిన ఉత్తరాలు, ఏవైనా నా ముందు పెడితే కళ్ళద్దాలు ఒకసారి తుడుచుకుని గడగడా టైపు చేసి ఇస్తాను. రెజిమెంటల్ బజార్‌లో మా ఇంటి వీధి చివర మందుల షాపు ఉంది. చీటీ అర్థం కాకపోతే షాపతను ఇప్పటికీ దాన్ని ఫొటో తీసి నాకే పంపిస్తాడు.

నా సొంత చేతిరాత మాత్రం దేవుడికి కూడా అర్థం కాదు. పదహారో ఏట మా నాన్న తన టైపు ఇన్‌స్టిట్యూట్‌లో మిషన్ ముందు కూర్చోబెట్టాడు. ఆ రోజు నుంచి పెన్నుతో పని తగ్గిపోయింది. సంతకం, పాల లెక్క తప్ప నేను చేత్తో రాసింది లేదు. ఇప్పుడు యాభై ఆరేళ్ళు. వాడని చెయ్యి ఎలా ఉంటుందో నా రాత అలా ఉంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత నా కొంప మీదికి వచ్చింది ఇదే.

బేగంపేటలో ఒక చిన్న ఆఫీసులో నేను తొమ్మిదేళ్ళుగా చేస్తున్న పని ఏమిటో ముందు చెప్పాలి. అమెరికాలో అమిష్ అని ఒక జనం ఉన్నారు. క్రైస్తవులే, కానీ వాళ్ళ పద్ధతులు వాళ్ళవి. బయటి కరెంటు తీగను ఇంట్లోకి రానివ్వరు. కారు కొనరు, గుర్రబ్బండి మీద తిరుగుతారు. టీవీ ఉండదు. ఫోను ఉన్నా ఇంట్లో కాదు, పొలం గట్టున చిన్న గదిలో నలుగురైదుగురికి కలిపి ఒకటి పెట్టుకుంటారు. వాళ్ళకో వారపత్రిక ఉంది. ప్రతి ఊరి నుంచి ఒకరు, ఎక్కువగా ఆడవాళ్ళే, తమ ఊరి సంగతులు చేత్తో రాసి పోస్టు చేస్తారు. ఆ ఉత్తరాలే పత్రిక.

పత్రిక ఆఫీసులో మాత్రం కంప్యూటర్లు ఉన్నాయి. అక్కడివాళ్ళు ఆ ఉత్తరాలను స్కాన్ చేసి మాకు పంపుతారు. పొద్దున నేను సికింద్రాబాద్‌లో మెట్రో ఎక్కి బేగంపేటలో దిగి, నాలుగో అంతస్తుకు చేరేసరికి అవి తెర మీద సిద్ధంగా ఉంటాయి. అక్కడ తెల్లారేలోపు మేం టైపు చేసి తిప్పి పంపాలి. తీగను గడప దాటనివ్వని వాళ్ళ ఉత్తరాలు సముద్రం కింద తీగల్లో మా దాకా వచ్చి వెళ్తాయని ఆ రాసేవాళ్ళకు తెలియదు. తెలియకూడదని ఒప్పందం. ఉద్యోగంలో చేరిన రోజు మాతో ఒక కాగితం మీద సంతకం చేయించుకున్నారు. ఉత్తరాలు రాసేవాళ్ళతో ఎప్పుడూ, ఏ విధంగానూ మాట కలపకూడదు. కలిపితే ఉద్యోగం పోతుంది.

"గా ఊర్లల్ల ఏం వార్తలుంటయే?" అని మా ఆయన మొదట్లో నవ్వేవాడు. ఆయన మౌలాలిలో రైల్వే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. ఇప్పుడు పేపరు మొత్తం, టెండర్లతో సహా, చదివే మనిషి.

"ఎవరింట్ల ఏమైందో ఉంటది. మీ పేపర్ల ఉండదు" అన్నాను.

నిజంగానే ఏముంటుందంటే, ఈసారి ఆదివారం ప్రార్థన ఎవరి ఇంట్లో జరిగిందో ఉంటుంది. వాళ్ళకు చర్చి కట్టడం ఉండదు. రెండు వారాలకొకసారి ఒక్కొక్కరి ఇంట్లో కూడతారు. బల్లలన్నీ ఒక బండిలో వేసుకుని ఈ ఇంటి నుంచి ఆ ఇంటికి తోలుకెళ్తారు. ఎవరు ఎన్ని సీసాల టమాటాలు ఉడికించి నిలవ పెట్టారో ఉంటుంది. పాలు క్యాన్లలో తీసుకెళ్ళే లారీ ఇక రాదని చెప్పేస్తే ఆవులను అమ్ముకున్న కుటుంబం సంగతి ఉంటుంది. భూముల ధరలు భరించలేక ఇంకో రాష్ట్రానికి తరలిపోయినవాళ్ళ కబురు ఉంటుంది. ఈమధ్య బ్యాటరీ సైకిళ్ళ గొడవ నడుస్తోంది. ఒక ప్రార్థన గుంపువాళ్ళు తొక్కొచ్చన్నారు, పక్క గుంపువాళ్ళు కుదరదన్నారు. రోడ్డుకు ఈ పక్క ఇంట్లో సైకిలు ఉంటుంది, ఆ పక్క ఇంట్లోవాళ్ళు చూస్తూ ఊరుకుంటారు. చదువుతుంటే నాకు మా అపార్ట్‌మెంట్ మీటింగులు గుర్తొస్తాయి.

చేరిన కొత్తలో నేనొక ఘనకార్యం చేశాను. ఒక ఉత్తరంలో, ఫలానా వాళ్ళింటికి ఆదివారం రాత్రి భోజనానికి వచ్చినవాళ్ళంటూ పెద్ద పట్టీ ఉంది. అందులో ఒకే పేరు మూడుసార్లు, ఇంకో పేరు నాలుగుసార్లు వచ్చింది. పాపం, పెద్దావిడ మరిచిపోయి మళ్ళీ మళ్ళీ రాసిందనుకున్నాను. ఒక్కొక్కటి ఉంచి మిగతావి తీసేశాను. నన్ను నేను మెచ్చుకున్నాను కూడా. తర్వాత తెలిసింది, ఆ జనంలో పేర్లు తక్కువ, మనుషులు ఎక్కువ. ఒకే ఊళ్ళో ఒకే పేరుతో డజను మంది ఉంటారు. ఆ మూడూ ముగ్గురు మనుషులు, ఆ నాలుగూ నలుగురు. భోజనానికి వెళ్ళినవాళ్ళు ఐదుగురు నా చేతిలో మాయమైపోయారు. మేం వెళ్ళలేదా, తినలేదా, మమ్మల్ని ఎందుకు తీసేశారని వాళ్ళు పత్రికకు ఉత్తరాలు రాశారు. అవి కూడా నాకే వచ్చాయి. నేనే టైపు చేశాను. తల తీసేసినట్టయింది.

"కాపీ చూసి కొట్టు, కాపీని దిద్దకు" అని మా నాన్న ఇన్‌స్టిట్యూట్‌లో రోజుకు పదిసార్లు అనేవాడు. ఆ రోజు తర్వాత నేను ఒక్క మాట తీసెయ్యలేదు, ఒక్క మాట కలపలేదు. పత్రిక ఆఫీసువాళ్ళు మా టైపును అసలు ఉత్తరంతో పోల్చి చూడటం కూడా ఎప్పుడో మానేశారు. మా మీద అంత నమ్మకం. మా మీద అంటే, ఉన్నమాట చెప్పాలంటే, నా మీద.

ఆ ఉత్తరాలు రాసేవాళ్ళలో ఒకావిడ ఉంది. నేను ఆమెకు సెలరీ ఆవిడ అని పేరు పెట్టుకున్నాను. సెలరీ అంటే కొత్తిమీర కట్టకు పెద్దన్నలాంటి కూర. అమిష్ పెళ్ళి భోజనంలో అది కుప్పలు తెప్పలుగా ఉండాలట. పెళ్ళి సంగతి ముందుగా బయట పెట్టడం వాళ్ళ ఆనవాయితీ కాదు. అందుకని ఎవరి పెరట్లో సెలరీ మళ్ళు ఎక్కువ కనబడితే ఆ ఇంట్లో పెళ్ళి ఉందని ఊరు గుసగుసలాడుకుంటుంది. నేను చేరిన మొదటి ఏడాది ఆవిడ రాసింది, మా పెరట్లో ఈసారి సెలరీ బాగా వచ్చింది, దారిన పోయేవాళ్ళందరూ బండి నెమ్మది చేసి చూస్తున్నారు, చూడనివ్వండి, నేనేం చెప్పను అని. నాకు ఆఫీసులో నవ్వు ఆగలేదు. అప్పటి నుంచి ఆవిడ నాకు చుట్టమైపోయింది.

ఆవిడదీ నాదీ ఇంచుమించు ఒకే వయసు. ఆవిడ మోకాలి నొప్పి నాకు తెలుసు. మొండి ఆవు తెలుసు. చిన్న కూతురు బడిలో పాఠాలు చెబుతుందని తెలుసు. వర్షం పడితే ఏ కిటికీ దగ్గర నీళ్ళు కారుతాయో కూడా తెలుసు. గుండ్రటి అక్షరాలు, నిటారు గీతలు. నాలుగు పేజీలు పది నిమిషాల్లో అయిపోయేవి, మళ్ళీ వారం దాకా ఎదురుచూడాలి. నాకు ఆవిడంటే ఇష్టం. ఇందులో చెప్పుకోవడానికి సిగ్గుపడేదేం లేదు.

కిందటి చలికాలం ఒక సోమవారం ఆవిడ ఊరి నుంచి వచ్చిన ఉత్తరంలో రాత మారిపోయింది. పక్కింటామె రాసింది. పొగమంచులో వెనక నుంచి ఒక ట్రక్కు వచ్చి ఆవిడ బండిని గుద్దింది. గుర్రం అక్కడికక్కడే పోయింది. ఆవిడ కుడి చెయ్యి రెండు చోట్ల విరిగింది, తుంటి కూడా దెబ్బతింది. నెలల తరబడి మంచం మీదే. చివర్లో ఇలా ఉంది: మన విలేకరికి కార్డుల వాన కురిపిద్దాం. కింద ఆవిడ చిరునామా.

కార్డుల వాన వాళ్ళ పద్ధతి. ఎవరైనా జబ్బు పడినా, మనిషిని పోగొట్టుకున్నా, వాళ్ళ తరఫున ఇంకొకరు పత్రికలో అడుగుతారు. ముక్కూ మొహం తెలియనివాళ్ళు కూడా ఎక్కడెక్కడి నుంచో చేత్తో రెండు ముక్కలు రాసి పోస్టు చేస్తారు. ఇలాంటివి నేను లెక్కలేనన్ని టైపు చేశాను. ఒకసారి కుళ్ళుకున్నాను కూడా. రెండేళ్ళ కింద మెట్రో మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుని ఆరు వారాలు కట్టుతో పడుకున్నాను. ఫోను నిండా గులాబీలు, దండం పెట్టే చేతులు, మెరిసే అక్షరాలు వచ్చి పడ్డాయి. ఒకే గులాబీని తొమ్మిదిమంది పంపారు. చేత్తో ఒక్క ముక్క రాసినవాళ్ళు లేరు. నేను మాత్రం ఎవరికి రాశాను గనక, అదీ నిజమే.

ఆ సోమవారం చిరునామాతో సహా అంతా టైపు చేసి పంపేశాను. తర్వాత చిరునామాను నా టిఫిన్ సంచిలో ఉన్న చీటీ మీద రాసుకున్నాను. అదీ నేను చేసిన పని. సంతకం చేసిన కాగితం గుర్తులేక కాదు. బాగా గుర్తుంది.

ఆ శనివారం రెజిమెంటల్ బజార్‌లో శుభలేఖలు అచ్చువేసే షాపుకు వెళ్ళాను. షాపతనికి నేను చిన్నప్పటి నుంచీ తెలుసు.

"పెండ్లా అమ్మా, గృహప్రవేశమా?"

"రెండూ కాదు. ఒకామెకు యాక్సిడెంట్ అయింది. మంచిగైపోవాలని కార్డు."

గులాబీలున్నది తీశాడు, బంగారు అంచున్నది తీశాడు, వినాయకుడున్నది తీశాడు.

"మెరుపులు వద్దు. దేవుడు వద్దు. మనుషుల బొమ్మలైతే అస్సలే వద్దు" అన్నాను. వాళ్ళు మనుషుల బొమ్మలు, ఆడంబరం ఇష్టపడరని నాకు తెలుసు.

"అన్నీ వద్దంటే ఇగ మిగిలేది ఉత్త అట్టనే గద?"

"గదే ఇయ్యి. జెర మంచి అట్ట ఇయ్యి."

అతను నన్ను వింతగా చూసి, లేత గోధుమరంగు అట్ట ఒకటి మడిచి కత్తిరించి ఇచ్చాడు. పైసలు తీసుకోలేదు, ఇదేం సరుకని తీసుకోవాలె అన్నాడు.

ఇంటికొచ్చి డైనింగ్ టేబుల్ మీద కూర్చుని ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు రాశాను. మీ ఉత్తరాలు ప్రతి వారం చదువుతాను. మీరు రాయకపోతే వారం గడవడం లేదు. చెయ్యి తొందరగా నయం కావాలి. మీ సెలరీ ఈ ఏడు కూడా బాగా పండాలి. ఈ నాలుగు ముక్కలకు గంట పట్టింది. మా ఆయన వచ్చి భుజం మీదుగా చూశాడు.

"ఏందే ఇది? కోడిగీతల లెక్కున్నది. ఆమె జన్మల చదవలేదు. మంచిగ టైప్ కొట్టి పంపరాదు?"

"టైప్ చేస్తే దాన్ని కార్డు అనరు, నోటీసంటరు. చేత్తోటి రాసేటోళ్ళకు చేత్తోటే రాయాలె."

"నీ కొలువు పోతది, చూస్కో."

"నా పేరు రాయలే, నా అడ్రస్ రాయలే. ఎట్ల పోతది?"

ఆయన తన పేపరు పట్టుకుని హాల్లోకి వెళ్ళిపోయాడు. పోస్టువాళ్ళ కోసం కవరు మీద ఆవిడ చిరునామా మాత్రం టైపు చేసి అంటించి, సోమవారం ఆఫీసుకు వెళ్ళేముందు సికింద్రాబాద్ హెడ్ పోస్టాఫీసులో స్టాంపులు వేసి పంపేశాను. డబ్బాలో పడిన చప్పుడు విన్నాక హాయిగా అనిపించింది. పేరు రాయలేదు గనక నేను క్షేమమని నిజంగానే అనుకున్నాను. ఇంత తెలివైనదాన్ని, ఒక్కటి మరిచిపోయాను. ఆవిడ ఊరి విలేకరి. తన ఇంటికి ఏమొచ్చినా ఆవిడ పత్రికకు రాస్తుంది. ఆ రాసింది మళ్ళీ నా దగ్గరికే వస్తుంది.

ఏడు వారాల తర్వాత వచ్చింది. ఆ వారం స్కాన్ తెరవగానే మా సూపర్‌వైజర్ నా సీటు దగ్గరికి నడిచొచ్చింది. ముప్పై రెండేళ్ళ పిల్ల. వాళ్ళ నాన్న భీమవరం నుంచి వచ్చి ఇక్కడ వ్యాపారంలో స్థిరపడ్డాడట. చేరిన మొదటి రోజు నన్ను ఆంటీ అంది. నా చూపు చూసి వెంటనే మేడమ్‌లోకి దిగింది.

"ఇదెవరి వల్లా కావట్లేదు మేడమ్. మీరే చూడాలి."

సెలరీ ఆవిడే. ఎడమచేత్తో రాసింది. అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి, గీతలు జారి, పేజీ చివర పెన్ను కాగితం దాటి పోయిన జాడ కూడా ఉంది. కళ్ళద్దాలు తుడుచుకున్నాను. అరగంటలో దారి దొరికింది. కుడి చెయ్యి ఇంకా కట్టులోనే ఉందట. కొత్త గుర్రం ఇంకా కొనలేదు. కార్డులు బట్టల బుట్ట నిండా వచ్చాయి. రోజూ భోజనాల తర్వాత చిన్న కూతురు నాలుగైదు చదివి వినిపిస్తోంది, అన్నీ ఒకేసారి చదివితే అయిపోతాయని దాచుకుంటున్నారట. చదువుతుంటే నా కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. మూడో పేజీకి వచ్చాను.

"అన్నిటికంటే దూరం నుంచి వచ్చిన కార్డు ఇండియాది. నలుగురం దీపం దగ్గర కూర్చుని ఎంత ప్రయత్నించినా ఒక్క మాటే చదవగలిగాం. ఆ మాట సెలరీ. ఇండియాలో ఉన్నవాళ్ళకు నా సెలరీ సంగతి ఎలా తెలుసు? ఎవరికైనా తెలిస్తే చెప్పండి."

కళ్ళద్దాలు మళ్ళీ తుడుచుకుని ఇంకోసారి చదివాను, అదే ఉంది.

ఆ మూడు పంక్తులూ అచ్చయితే ఏమవుతుందో తేటగా తెలుసు. పత్రిక ఆఫీసువాళ్ళకు ఇండియాలో ఒకే చోట ఒకే పని జరుగుతోంది. ఆ కార్డు ఎక్కడి నుంచి వెళ్ళిందో వాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. నా ఉద్యోగం పోతుంది. ఈ వయసులో, ఈ పనికి, ఇంకోచోట నన్ను ఎవరు తీసుకుంటారు? చేతిరాత చదివే పనే కరువైపోయింది. ఉద్యోగం కంటే ముందు ఇంకోటి పోతుంది. ప్రతి వారం నేను ఎదురుచూసే ఆ నాలుగు పేజీలు పోతాయి.

ఆ మూడు పంక్తులూ వదిలేస్తే ఏమీ కాదు. ఈ రాతను ఆఫీసులో నేను తప్ప ఎవరూ చదవలేరు. అక్కడ ఎవరూ పోల్చి చూడరు. నిజం చెబుతున్నాను, నా వేలు ఆ చోట ఒక నిమిషం ఆగింది. పది నిమిషాలైనా ఆగి ఉండొచ్చు. వెళ్ళి టీ తెచ్చుకున్నాను, తాగలేదు. భోజనానికి వెళ్ళినా పత్రికలో మాయమైపోయిన ఆ ఐదుగురు గుర్తొచ్చారు. కూర్చుని మూడు పంక్తులూ కొట్టేశాను, ఒక్క మాట మారకుండా. తర్వాత లేచి సూపర్‌వైజర్ గదికి వెళ్ళాను.

"మూడో పేజీ చూడు" అన్నాను.

చదివి ముందు నవ్వింది. "భలే ఉందండీ. ఇండియా నుంచి కార్డేంటండీ?"

"నేనే పంపిన."

ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది. లేచి తలుపు వేసి వచ్చింది.

"అయ్యబాబోయ్. ఎందుకు పంపారు మేడమ్?"

"కార్డులు పంపండ్రి అని రాసిండ్రు. పంపిన."

"అది వాళ్ళవాళ్ళకండీ!"

"ఇండియోళ్ళు పంపద్దని రాయలే. టైప్ చేసింది నేనే గద, నాకు తెల్వదా?"

ఇలా దబాయించాను గానీ తప్పు నాదేనని నాకు తెలుసు. ఆ పిల్ల తల పట్టుకుంది. ఈ పత్రిక పని పోతే మా ఆఫీసులో సగం బల్లలు ఖాళీ అవుతాయి, అది నాకంటే తనకే ఎక్కువ తెలుసు. చివరికి గొంతు తగ్గించి అంది:

"ఈ మూడు లైన్లూ తీసేద్దాం మేడమ్. నేను చూడలేదనుకోండి. ఎవరు కనిపెడతారు?"

మంచి పిల్ల. నన్ను కాపాడాలనే అంది. అయినా నాకు కోపం వచ్చింది.

"ఆమె కనిపెడ్తది. ఎడమచేత్తోటి ఎంత తక్లీఫ్ పడి రాసిందో చూసినవా? పేపర్ రాంగనే ముందు తన ఉత్తరమే చూస్కుంటది. ఇండియా ముచ్చట లేదంటే, గది ఎందుకు తీసిండ్రు అని పరేషాన్ అయితది. కార్డు పంపుడు నా తప్పు. దానికి ఆమె రాసింది ఎందుకు కొయ్యాలె?"

"మీ ఉద్యోగం మేడమ్."

"పోతే పోనీ" అన్నాను. పోతే పోనీ అని నాకేం లేదు. ఆ క్షణం నోటికి అదే వచ్చింది.

ఆ సాయంత్రం పత్రిక ఎడిటరుకు మెయిల్ రాశాం. వాక్యాలు నేను చెప్పాను, తను టైపు చేసింది. టైపు చెయ్యడానికి నా చేతులు సిద్ధంగా లేవు, తొమ్మిదేళ్ళలో అదొక్కసారే. కార్డు పంపింది నేను. నియమం తెలిసే పంపాను. ఉత్తరంలో ఆ సంగతి ఉన్నది ఉన్నట్టే టైపు చేశాం. ఆఫీసులో ఇంకెవరికీ దీనితో సంబంధం లేదు.

అది శుక్రవారం. మధ్యలో రెండు సెలవురోజులు. నా సొరుగు ఖాళీ చేసి మా నాన్న భూతద్దం, టిఫిన్ చెంచా, పాత కళ్ళద్దాల పెట్టె సంచిలో వేసుకుని ఇంటికొచ్చాను. సంచి చూడగానే మా ఆయనకు అర్థమైంది. చెప్పిన్నా లేదా అని దెప్పుతాడనుకున్నాను, ఎదురు జవాబు కూడా తయారుగా పెట్టుకున్నాను. ఆయన లేచి వెళ్ళి టీ పెట్టుకొచ్చాడు. అప్పుడు నాకు ఏడుపొచ్చింది.

ఆ రెండు రోజులూ నా బుర్రలో ఒకటే తిరిగింది. ఆ ఉత్తరాల వల్లే నాకు తెలిసిన పద్ధతి ఒకటి వాళ్ళలో ఉంది. నియమం తప్పినవాళ్ళు ఆదివారం ప్రార్థన అయ్యాక అందరి ముందు తామే లేచి తప్పు చెప్పుకుంటారు. చెప్పుకున్నాక క్షమిస్తారు. ఆ తర్వాత దాన్ని మళ్ళీ ఎవరూ ఎత్తకూడదు, ఇంట్లో కూడా. సెలరీ ఆవిడ ఒకసారి రాసింది, ఈ ఆదివారం మా దగ్గర ఒక విషయం చక్కబడింది, అది రాయదగింది కాదు గనక రాయడం లేదు అని. అంత వరకే. ఎవరు, ఏమిటని నేను చాలా రోజులు ఆలోచించాను. ఇప్పుడు ఆ ఎవరో నేనే అయి కూర్చున్నాను. కాకపోతే నేను వాళ్ళ మనిషిని కాను, వాళ్ళ పద్ధతి నాకెందుకు వర్తిస్తుందని కూడా అనుకున్నాను.

సోమవారం సంచి చేతిలో పట్టుకునే ఆఫీసుకు వెళ్ళాను. సూపర్‌వైజర్ తలుపు దగ్గరే నిలబడి ఉంది. ముఖం చూస్తే ఏమీ తెలియలేదు. ఆ పత్రిక ఎడిటర్ అమిష్ కుటుంబంలో పుట్టి పెరిగినవాడని మాకు తెలుసు. జవాబు ఆరు వాక్యాలు.

"ఆమె తనంతట తానే చెప్పింది. తప్పు దాచడానికి ఉత్తరం కొయ్యలేదు. ఆ సంగతి ఉన్నది ఉన్నట్టే అచ్చు వేస్తున్నాం. నియమం నియమమే, మళ్ళీ రాయనని ఆమె మాట ఇవ్వాలి. ఇస్తే ఇది ఇక్కడితో అయిపోయినట్టే. మీ దగ్గర కూడా ఎవరూ దీన్ని మళ్ళీ ఎత్తవద్దు."

మాట ఇచ్చాను. భూతద్దం, చెంచా, పెట్టె మళ్ళీ సొరుగులో పెట్టుకున్నాను. సూపర్‌వైజర్ నిజంగానే ఆ తర్వాత ఆ ఊసెత్తలేదు. తనంటే నాకు గౌరవం పెరిగింది. ఎత్తింది ఒక్క మా ఆయనే. ఆ నియమం మా ఇంటికి చెల్లదట.

ఎండలు ముదిరే నాటికి సెలరీ ఆవిడ కుడి చెయ్యి నయమైంది. మళ్ళీ గుండ్రటి అక్షరాలు, నిటారు గీతలు, కాస్త వంకర మిగిలింది. కొత్త గుర్రం భయస్తురాలట, కాగితం ఎగిరినా ఆగిపోతుందట. వెనక నుంచి వచ్చేవాళ్ళకు బాగా కనబడాలని బండికి మెరిసే పట్టీలు ఇంకో రెండు అంటించుకున్నారట. పెరట్లో ఈసారి సెలరీ నాలుగు మళ్ళు ఎక్కువ వేశారట, దారిన పోయేవాళ్ళు మళ్ళీ బండి నెమ్మది చేస్తున్నారు, చూడనివ్వండి, నేనేం చెప్పను. చిన్న కూతురి పెళ్ళి! నేను పైకే అనేశాను. పక్క సీటమ్మాయి ఎవరికి అని అడిగింది. నాలుగో పేజీ చివర ఇలా ఉంది:

"ఇండియాలో ఉన్న స్నేహితులకు. మీరెవరో ఇప్పటికీ తెలియలేదు. మీ కార్డు కిటికీ దగ్గర పెట్టుకున్నాను. మీరు ఏం రాశారో తెలుసుకోవాలని ఉంది. మళ్ళీ రాయండి. ఈసారి దయచేసి టైపు చేసి పంపండి."

మా ఆయన చెప్పిన మాటే ఆవిడా చెప్పింది, ఇంట్లో చెబితే ఇక బతకనివ్వడు. జవాబు రాయలేను. మాట ఇచ్చాను, తప్పను. అది కాస్త బాధగానే ఉంది.

కళ్ళద్దాలు తుడుచుకుని మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాను. గుర్రం, మెరిసే పట్టీలు, సెలరీ మళ్ళు, అన్నీ కొట్టాను. ఆ చివరి వాక్యాలు కూడా కొట్టాను. వచ్చే వారం పత్రిక ఆవిడ ఇంటికి చేరుతుంది. ఆవిడ ముందు తన ఉత్తరమే వెతుక్కుంటుంది, ఒక్కో మాట మీదా వేలు పెట్టి చదువుకుంటుంది. టైపు చేసి పంపమని అడిగింది గదా. తొమ్మిదేళ్ళుగా ఆవిడకు ప్రతి వారం నేను టైపు చేసే పంపుతున్నాను. ఈ వారం కూడా ఒక్క తప్పు లేకుండా పంపాను.